కత్తి కన్నా ముందు కోడిని పట్టుకోవడం నేర్చుకోండి

ప్రశ్న: అక్కా, మాది ఒడిశాలో రాయగడ జిల్లా, గుణుపురం దగ్గర పల్లె. మహిళా సంఘం ద్వారా తెచ్చుకున్న వనరాజా రకం కోడిపిల్లల్లో ఏడు పెట్టలు, నాలుగు పుంజులు మిగిలాయి. పుంజులు పొద్దస్తమానం పొడుచుకుంటున్నాయి. ఒకదానికి కన్ను పక్కన గాయమైంది. మా ఇంట్లో ఇన్నాళ్లూ కోడి కోసింది మావయ్యే. ఇప్పుడు ఆయనకు చేతులు వణుకుతున్నాయి. మా ఆయన రక్తం చూడలేరు. సంతలో కోసే అతను కోడి కాళ్లు పట్టుకుని తలకిందులుగా వేలాడేసి, బేరం తెగేదాకా అలాగే కబుర్లు చెబుతాడు. అది చూడలేక నేనే నేర్చుకుందామనుకుంటున్నాను. దానికి బాధ తక్కువగా ఉండాలంటే ఎలా కోయాలి? ఒడియావాళ్ల ఛాడఖాయి పండగకి మా ఆయన స్నేహితుల్ని భోజనానికి పిలిచారు, ఆ రోజుకే చేద్దామంటున్నారు. మన కార్తీకం ఇంకా అవలేదని అత్తయ్య గొడవ. మా తొమ్మిదేళ్ల బాబు ఒక పుంజుకి రాజు అని పేరు పెట్టుకున్నాడు, వాడికేం చెప్పాలో తెలియడం లేదు. మన చేత్తో పెంచి మనమే కోయడం పాపం కాదా అక్కా?

సమాధానం: చెల్లీ, ముందు ఛాడఖాయి సంగతి తేల్చేద్దాం. ఒడియావాళ్లకి కార్తీకం పున్నమితో అయిపోతుంది. నెలంతా నీచు ముట్టనివాళ్లు ఆ మర్నాడు తృప్తిగా వండుకుంటారు. మనకి నెల అమావాస్య దాకా ఉంటుంది కాబట్టి వాళ్ల ఛాడఖాయి మన కార్తీకం మధ్యలో పడుతుంది. మీ అత్తయ్య అన్నదాంట్లో తప్పు లేదు. ఆ రోజు భోజనం ఏం పెట్టాలో మీరూ మీరూ సర్దుకోండి. కోయడం మాత్రం పోలి పాడ్యమి దాటాకే పెట్టుకోమంటాను. ఆచారం ఒక్కటే కాదు, నాకు ఇంకో కారణం ఉంది. మొదటిసారి కత్తి పట్టేవాళ్లు పండగపూట, చుట్టాలు వచ్చి కూర్చున్నాక, పొయ్యి మీద నూనె కాగుతుండగా ఆ పని చేయకూడదు. ఆ టెన్షన్ మీ చేతుల్లోకి వస్తుంది, చేతుల్లోంచి కోడికి పోతుంది. ఎవరూ రాని రోజు, బాబు బడికి వెళ్లే రోజు, ఒక చల్లని ఉదయం చూసుకోండి.

పాపం గురించి అడిగారు. పాపపుణ్యాలు తేల్చేంత దాన్ని కాను. చట్టం ఏమంటుందో చెబుతాను. జంతువుల పట్ల క్రూరత్వాన్ని నిషేధిస్తూ 1960లో మన దేశంలో వచ్చిన చట్టం, తిండి కోసం చంపడాన్ని నేరం అనలేదు. కానీ అనవసరమైన బాధ పెడితే ఆ మినహాయింపు వర్తించదని అందులోనే ఉంది. నా మనసుకీ అదే సరైన గీత అనిపిస్తుంది. నూకలు చల్లి, పిల్లి నుంచీ ముంగిస నుంచీ కాపాడి, రాత్రి గూటి తలుపు వేసి పెంచిన పక్షి అది. దానికి చివరి పావుగంట కూడా భయం లేకుండా గడిచేలా చూడటం మన బాధ్యత. సంతలో అతన్ని చూసి మీకు కడుపులో తిప్పిందంటే, ఈ పని చేయగల మనిషి మీరేనని నాకు నమ్మకం.

అందరూ కత్తి గురించే భయపడతారు. కోడి భయం మాత్రం కత్తి దగ్గర మొదలవదు. దాన్ని పెరడంతా తరిమినప్పుడు, రెక్క దొరికితే రెక్క, కాలు దొరికితే కాలు పట్టి లాగినప్పుడు మొదలవుతుంది. తలకిందులుగా వేలాడేస్తే ఇంకా ఎక్కువవుతుంది. మనకి ఊపిరితిత్తుల కింద పొట్టను వేరుచేసే పొర ఉంటుంది, కోడికి అది లేదు. తలకిందులు చేయగానే పేగులు, కందనకాయ, కార్జం అన్నీ జారి గాలి సంచుల మీద పడతాయి, ఊపిరి కష్టమవుతుంది. అందుకే అది రెక్కలు టపటపా కొట్టుకుని పైకి లేవాలని చూస్తుంది. కాసేపటికి కొట్టుకోవడం మానితే శాంతించిందనుకుంటాం. అది శాంతి కాదమ్మా, అలసటా భయమూ కలిసిన స్థితి. సైకిల్ హ్యాండిల్‌కి కాళ్లు కట్టి సంతకి తీసుకెళ్లే కోళ్లన్నీ ఇలాగే ఉంటాయి. తుంటి కీళ్లు జారినవీ ఉంటాయి.

కాబట్టి పని ముందు రోజు సాయంత్రమే మొదలుపెట్టండి. కోయబోయే పుంజుకి పొద్దుగూకే ముందు చివరి మేత వేసి, తర్వాత ఏమీ పెట్టకండి. ఎనిమిది నుంచి పన్నెండు గంటలు మేత లేకుండా ఉంటే చాలు, అంతకన్నా మాడ్చడం అనవసరం. నీళ్లు మాత్రం తెల్లవారే దాకా అందుబాటులో ఉండాలి. మేత సంచి, పేగులు ఖాళీగా ఉంటే శుభ్రం చేసేటప్పుడు మాంసానికి మురికి అంటదు. చీకటి పడ్డాక కోళ్లు గూట్లో సర్దుకుని కూర్చుంటాయి, చీకట్లో వాటికి చూపు ఆనదు. అప్పుడు వెళ్లి, రెండు చేతులూ రెక్కల మీదుగా మెల్లగా వేసి ఎత్తి, విడిగా ఒక గంప కింద పెట్టండి. టార్చి ముఖం మీద వేయకండి. మర్నాడు తెల్లవారకముందే, వెలుగు పూర్తిగా రాకముందే తీస్తే తరమాల్సిన అవసరమే ఉండదు.

పట్టుకునే తీరు ఇప్పటి నుంచే అలవాటు చేసుకోండి, కోయడానికి కాకుండా ఊరికే. ఎడమ అరచేయి కోడి రొమ్ము కింద పెట్టి, దాని రెండు కాళ్లూ మీ వేళ్ల సందున ఉంచండి. తల మీ మోచేతి వైపు, రెక్కలు మీ చేతికీ పక్కటెముకలకీ మధ్య ఒదిగి ఉండాలి. గట్టిగా నొక్కకండి. కోడికి రొమ్ము ఎముక పైకీ కిందకీ ఆడితేనే ఊపిరి ఆడుతుంది, బిగించి పట్టుకుంటే ఉక్కిరిబిక్కిరైపోతుంది. రోజూ సాయంత్రం అలా ఎత్తి నాలుగు గింజలు తినిపించి దించితే, వారం తిరిగేసరికి మీ చేతుల్లో అది గింజుకోదు. ఇలా మచ్చిక చేసి కోయడం ద్రోహం కదా అని కొందరు నాతో అన్నారు. నాకు అలా తోచదు. మీ చేయి దానికి కొత్త కాకపోతే ఆ రోజు దాని గుండె అంతగా అదరదు. దానికి దక్కే మేలు అది.

కత్తి విషయంలో రాజీ పడకండి. వంటింట్లో టమాటా నలిపేసే కత్తి దీనికి పనికిరాదు. ఆరేడు అంగుళాల సన్నని కత్తిని సాన పట్టించి, దీనికోసమే విడిగా దాచండి. కాగితం అంచు మీద పెట్టి లాగితే చిరగకుండా తెగాలి. మొద్దు కత్తితో రెండుసార్లు, మూడుసార్లు కోయాల్సి రావడమే ఇందులో అన్నిటికన్నా క్రూరమైన సంగతి. మీ వైపు కత్తిపీట మీద కోసేవాళ్లు ఉంటారు. అలవాటైన చేతికి అది సులువే గానీ, కోడిని కత్తి దగ్గరకు తోయాల్సి వస్తుంది కాబట్టి కొత్తవాళ్లకు నేను చెప్పను.

రెక్కలు కొట్టుకోకుండా ఉండటానికి ఒక సంచి తయారు చేసుకోండి. ఎరువుల బస్తా వద్దు. బియ్యం వచ్చిన శుభ్రమైన పాతిక కిలోల సంచి తీసుకుని, అడుగున ఒక మూల కోడి తలా మెడా బయటకు వచ్చేంత మాత్రమే కత్తిరించండి. దాన్ని పెరట్లో గుంజకో, జామచెట్టు కొమ్మకో మీ రొమ్ము ఎత్తున కట్టండి. కింద బూడిద వేసిన బేసిన్ పెట్టండి. మిగతా కోళ్లకి కనపడని, వినపడని వైపు చూసుకోండి, ఒకటి బెదిరి అరిస్తే అన్నీ బెదురుతాయి. ఇందులోనూ కోడి తలకిందులుగానే ఉంటుంది కదా అంటారేమో. నిజమే. అందుకే కత్తి, నీళ్లు, గుడ్డ అన్నీ చేతికందేలా పెట్టుకున్నాకే కోడిని సంచిలో దించండి. దించిన తర్వాత వెతుక్కోవాల్సింది ఏదీ ఉండకూడదు.

ఇక అసలు పని. ఎడమ చేత్తో తలను వెనక నుంచి పట్టుకుని, మెడ సాగేలా మెల్లగా కిందకి లాగండి. తడి వేళ్లతో గొంతు దగ్గర ఈకలు పక్కకి తొలగించండి, కత్తి ఈకల మీద జారకుండా చర్మానికే తగలాలి. ఎక్కడ కోయాలన్నది చాలా ముఖ్యం. చాలామంది మెడ మధ్యలో కోస్తారు. కోడికి మెదడుకు రక్తం తీసుకెళ్లే పెద్ద ధమనులు రెండు మెడ పొడవునా వెన్నెముకకు ఆనుకుని, కండ లోపల దాగి ఉంటాయి. తల దగ్గరకొచ్చాకే అవి విడిపోయి పైకి వస్తాయి. మెడ మధ్యలో పైపైన కోస్తే సిరలు, గొంతు గొట్టం తెగుతాయి గానీ ఆ ధమనులు తెగవు, కోడి చాలాసేపు తెలివిలోనే ఉండిపోతుంది. అందుకని దవడ ఎముకకు ఆనుకునే, చెవి తమ్మెల కింద నుంచి, ఒక పక్క నుంచి రెండో పక్కకి కోయాలి. కత్తి మొదలు నుంచి కొస దాకా నడిచేలా ఒక్క లాగుడు, ఎముక తగిలేదాకా. పైపైన గీసి చూద్దాం అనుకోకండి. చేయి ఆడదనిపిస్తే కత్తి ఆనించకముందే ఆగిపోండి, కోడిని గంప కిందకి పంపేయండి. ఆనించాక మాత్రం ఆగకూడదు.

క్షణంలో ప్రాణం పోతుందని చెబితే మీకు అబద్ధం చెప్పినదాన్నవుతాను. రెండు వైపులా ధమనులు తెగితే తెలివి తప్పడానికి సుమారు 10 నుంచి 20 సెకన్లు పడుతుంది, ఒక్కోసారి కాస్త ఎక్కువ. ఒక వైపే తెగితే ఇంకా ఆలస్యం. ఆ కాసేపూ తల వదలకండి, అలాగే స్థిరంగా పట్టుకుని ఉండండి, కోసినచోట వేలు పెట్టకండి. రక్తం ధారగా రావాలి. చుక్కలుగా వస్తుంటే, అరనిమిషమైనా కళ్లు మిటకరిస్తుంటే, అదే చోట వెంటనే లోతుగా రెండోసారి కోయండి. ఏడ్చుకునే పని ఉంటే తర్వాత.

తర్వాత ఒళ్లంతా కొట్టుకుంటుంది. మొదటిసారి చూసేవాళ్లు ఇక్కడే హడలిపోతారు. ఆ కొట్టుకోవడం నొప్పి వల్ల కాదు. మెదడు అదుపు తప్పాక వెన్నుపాములోని నరాలు వాటంతటవే కండరాలను కదిపిస్తాయి. నిమిషం, ఒక్కోసారి ఇంకాసేపు ఉంటుంది. సంచి ఉంది కాబట్టి రెక్కలు విరగవు, రక్తం ఇల్లంతా చిందదు. ప్రాణం పోయిందో లేదో ఒళ్లు కదలడాన్ని బట్టి కాదు, కన్నును బట్టి తెలుసుకోండి. కోడికి మామూలు రెప్పలు కాక మూడో రెప్ప ఒకటి ఉంటుంది, పల్చని పాలపొర, ముక్కు వైపు నుంచి అడ్డంగా జారి కన్నును తుడిచి వెళ్తుంది. వేలి కొసతో కంటి గుడ్డును తాకండి. ఆ పొర కదిలితే ఇంకా ప్రాణం ఉంది. కదలకపోతే, కనుపాప పెద్దదై ఉంటే, తోక కింద ఈకలు ఊపిరికి లయగా లేచి పడటం ఆగిపోతే, అప్పుడు అయిపోయినట్టు. ఎలా చూసినా కోసిన రెండు నిమిషాల దాకా వేడినీళ్లలో పెట్టకండి. తెలివి ఉన్న పక్షి వేడినీళ్లలోకి వెళ్లడం కన్నా ఘోరం ఇంకొకటి లేదు. హడావిడిగా చేసే కొట్లలో అది జరుగుతుంటుంది.

మెడ విరిచే పద్ధతి గురించి కూడా మీరు వినే ఉంటారు. తెలిసిన చేతికి అది మంచి పద్ధతే. రాయగడ వైపు పశువైద్యశాలలో అడిగితే చూపించవచ్చు, ముందు చచ్చిన కోడి మీద సాధన చేసి గానీ బతికిన దాని మీద చేయకూడదు. యూరప్ నిబంధనల్లో చేత్తో మెడ విరవడానికి 3 కిలోల పరిమితి పెట్టారు. అంతకన్నా బరువైన పక్షి మెడ బలంగా ఉంటుంది, సగంలో ఆగే ప్రమాదం ఎక్కువ. ఎదిగిన వనరాజా పుంజు ఆ బరువుకి సులువుగా చేరుతుంది. కాబట్టి మీకు ఇప్పుడు కత్తే మేలు. తల వెనక దుడ్డుకర్రతో కొట్టి స్పృహ తప్పించాక కోయడం ఇంకా దయ గల పనే, దెబ్బ గురి తప్పకపోతే. కొత్త చేయి గురి తప్పుతుంది, అందుకే మొదట్లో వద్దంటున్నాను. అన్నిటికన్నా ముందు మీ ఊళ్లో ఎప్పటినుంచో చేస్తున్న పెద్దమ్మ ఎవరైనా ఉంటే ఆ ఉదయం పక్కన నిలబడమని అడగండి. చేయి ఆమెదైనా, మీదైనా, పక్కన తెలిసిన మనిషి ఉంటే ధైర్యం వేరు.

శుభ్రం చేయడం మావయ్యని చూసి మీకు తెలిసే ఉంటుంది, రెండు మాటలు చెబుతాను. ఈకలు రావాలంటే నీళ్లు 60 నుంచి 65 డిగ్రీలు ఉంటే చాలు. థర్మామీటర్ అక్కర్లేదు. తెర్లే నీళ్లు ఒక బకెట్, కుండలో నీళ్లు ఒక బకెట్ కలిపితే దాదాపు అంతే వస్తుంది. నిమిషం పాటు కోడిని అటూ ఇటూ తిప్పి, రెక్క పెద్ద ఈక లాగి చూడండి, తేలిగ్గా వస్తే చాలు. తెర్లే నీళ్లలోనే ముంచితే చర్మం ఉడికి ఊడిపోతుంది. తర్వాత మీ ఇంటి పద్ధతిలో పసుపు రాసి గడ్డి మంట మీద కాల్చుకోండి. పొట్ట కోసేటప్పుడు కార్జానికి అంటుకుని ఆకుపచ్చగా కనిపించే చేదు సంచి పగలకుండా, కాస్త కార్జంతో సహా కోసి పారేయండి. వెంటనే వండితే వండండి, లేదా రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి మర్నాడు వండండి. మధ్యలో మాంసం బిగుసుకున్నప్పుడు వండితే ఎంత ఉడికించినా నమలలేరు. పేగులూ ఈకలూ కుక్కలు తవ్వలేనంత లోతున గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చండి. వంశధారలోకో కాలవలోకో వేయకండి.

కన్ను దగ్గర గాయమైన పుంజు గురించి. గాయం మానుతూ, మేత తింటూ, చురుగ్గా ఉంటే కోయడానికి అడ్డం లేదు. మందు ఏదైనా వేసి ఉంటే, ఎన్ని రోజులు ఆగాలో ఆ డబ్బా మీద రాసి ఉంటుంది, అన్ని రోజులూ ఆగండి. కానీ ముక్కు కారుతూ, ముడుచుకుని కూర్చుని, ఆకుపచ్చగా రెట్ట వేస్తూ, జుట్టు నీలంగా మారిన కోడిని ఎట్టి పరిస్థితుల్లోనూ కోయకండి, ఎలాగూ చచ్చిపోతుంది కదా అని అసలే అనుకోకండి. 2024 ఆగస్టులో పూరీ జిల్లా పిపిలిలో, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది. అలాంటి పక్షిని కోసి ఈకలు పీకే మనిషికే అందరికన్నా ఎక్కువ ప్రమాదం. ఒకేసారి రెండు మూడు చచ్చిపోతే ముట్టుకోకుండా మీ బ్లాక్ పశువైద్యశాలకు చెప్పండి.

బాబు సంగతి. ఎనిమిది, పది పెట్టలకు ఒక పుంజు సరిపోతుంది. మీకు ఏడు పెట్టలున్నాయి, ఎలాగూ ఒక పుంజు ఉంచుకోవాలి. అది రాజే ఎందుకు కాకూడదు? మనుషుల మీదకి ఎగిరి పొడిచే రకం కాకపోతే రాజునే ఉంచేయండి. మిగతా మూడింటి గురించి మాత్రం వాడికి నిజం చెప్పండి. పారిపోయింది, మామయ్య పట్టుకెళ్లాడు అని చెబితే వాడికి తెలియకుండా ఉండదు, పళ్లెంలో కూర చూస్తాడు. ముందు రోజు సాయంత్రం కూర్చోబెట్టుకుని, రేపు ఫలానా పుంజును కోస్తున్నాం, అది భయపడకుండా చూసుకుంటాం అని చెప్పండి. చూస్తానని వాడే గట్టిగా అడిగితే తప్ప పిలవకండి, అడిగినా మొదటిసారి మాత్రం వద్దు. మీకే చేయి కుదరని రోజున వాడి కళ్ల ముందు తప్పు జరగకూడదు. ఏడిస్తే ఏడవనివ్వండి, మగపిల్లాడివి ఏంటిది అని ఎవర్నీ అననివ్వకండి. ఆ పూట కూర తిననంటే బలవంతం వద్దు, పప్పూ అన్నం పెట్టండి.

మొదటి రోజు ఒక్కదానితోనే ఆపండి. వేడినీళ్లు ఎలాగూ కాచాం కదా, మూడూ అయిపోతే పని తీరుతుందని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. వినకండి. మొదటిదాని తర్వాత చేతులు వణుకుతాయి, కత్తి పదును తగ్గి ఉంటుంది, మూడోదాన్ని పట్టుకునేసరికి మనసు మొద్దుబారుతుంది. మిగతా రెండింటినీ వేరువేరు గంపల కింద పెడితే పోట్లాట ఆగుతుంది, పగలు మార్చి మార్చి వదలండి. మళ్లీ సాన పట్టించుకుని, వారం పోయాక రెండోదాని సంగతి చూడండి.